ప్రాజెక్టు రిపోర్టు రాయడం: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్టు రివ్యూలు మొదలయ్యాయంటే స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఇవే ప్రశ్నలు. బ్యాచ్‌లు మారుతుంటాయి, డౌట్లు మాత్రం మారవు. అందుకని ఒకచోట చేర్చాను. బీటెక్ మేజర్ ప్రాజెక్టు, డిగ్రీ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ రిపోర్టు రాసేవాళ్లను మనసులో పెట్టుకుని రాసినవి. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి. మీ కాలేజీ ఇచ్చిన ఫార్మాట్ షీటు ఒకటి చెప్పి నేను ఇంకోటి చెబితే, షీటు చెప్పినట్టే చేయండి.

## మొదలుపెట్టే ముందు

రిపోర్టు అసలు ఎవరు చదువుతారు సార్? గైడు కోసం రాయాలా, ఎక్స్‌టర్నల్ కోసమా?

ఎక్స్‌టర్నల్ (వైవా, అంటే మౌఖిక పరీక్ష చేయడానికి బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) కోసం రాయండి. గైడుకు మీ ప్రాజెక్టు తెలుసు, మీరు సగం చెబితే మిగతా సగం ఆయనే పూరించుకుంటారు. ఎక్స్‌టర్నల్‌కు ఆ రోజు పొద్దున్నే మీ టైటిల్ తెలుస్తుంది. ఒకే రోజు చాలా బ్యాచ్‌లు చూడాలి. ఆయన రిపోర్టు తెరిచే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది: అబ్‌స్ట్రాక్ట్ చదువుతారు, విషయసూచిక మీద చూపు వేస్తారు, నేరుగా రిజల్ట్స్‌కు వెళ్తారు, చివర రిఫరెన్సులు తిప్పుతారు. ఈ నాలుగు చోట్ల "వీళ్లు సొంతంగా చేసిన పని ఇది" అని ఆయనకు దొరకాలి. అరవై పేజీల రిపోర్టులో మీ పని నలభై రెండో పేజీలో ఒక పేరాగా దాక్కుని ఉంటే, ఆయన దాన్ని వెతికి పట్టుకుంటారని ఆశపడొద్దు.

మినిమమ్ ఎన్ని పేజీలు ఉండాలి?

మీ డిపార్ట్‌మెంట్ సంఖ్య చెబితే అంతే. చెప్పకపోతే చేసిన పని ఎంతో అన్ని. పేజీలు పెంచడానికి వాడే ఉపాయాలన్నీ ఎక్స్‌టర్నల్‌కు తెలుసు, ఎందుకంటే వాళ్ల కాలేజీ పిల్లలూ అవే వాడతారు: పేజీకి ఒక స్క్రీన్‌షాట్, పదమూడు సైజు అక్షరాలు, చాప్టర్ పేరుకు ఒక ఖాళీ పేజీ.

ప్రాజెక్టు పూర్తయ్యాక రాస్తే సరిపోదా?

సరిపోదు. పని జరుగుతున్నప్పుడు తెలిసినవి రెండు నెలల తర్వాత గుర్తుండవు. ఏ వెర్షన్ లైబ్రరీ వాడారు, సెన్సర్ మొదట ఎందుకు తప్పు రీడింగ్ ఇచ్చింది, ఆ రోజు ల్యాబ్‌లో ఉష్ణోగ్రత ఎంత, ఏ ప్రయత్నం వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఇవన్నీ రిపోర్టుకు ప్రాణం. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని తేదీ వేసి రోజుకు నాలుగు లైన్లు రాయండి, తెలుగులో రాసినా సరే. వాట్సాప్ గ్రూపులో తమకు తామే పంపుకునే బ్యాచ్‌లూ ఉన్నాయి. అదీ పనిచేస్తుంది, ఫోన్ పోకుండా ఉంటే.

సీనియర్ల రిపోర్టు తీసుకుని మార్చుకుంటే తప్పా?

చూడటం తప్పు కాదు, చూడాలి కూడా. సర్టిఫికెట్ పేజీ ఎలా ఉంది, చాప్టర్ల వరస ఏమిటి, బొమ్మలకు నంబర్లు ఎలా ఇచ్చారు అన్నది అందులోంచే తెలుస్తుంది. ఫైలు తెరిచి పేర్లు మార్చడం మొదలుపెట్టారా, ఇబ్బంది మొదలైనట్టే. పాత అకడమిక్ ఇయర్ ఫుటర్‌లో మిగిలిపోవడం, డిక్లరేషన్‌లో వేరే బ్యాచ్ హాల్‌టికెట్ నంబరు ఉండటం, హెచ్‌ఓడీ మారినా పాత హెచ్‌ఓడీకి ధన్యవాదాలు చెప్పడం ప్రతి ఏడాదీ కనిపించేవే. ఖాళీ డాక్యుమెంటుతో మొదలుపెట్టి, సీనియర్ల రిపోర్టు పక్కన తెరిచి పెట్టుకోండి.

నాది తెలుగు మీడియం. ఇంగ్లీషులో అంత రిపోర్టు ఎలా రాయను?

రిపోర్టుకు కావలసిన ఇంగ్లీషు చాలా కొద్ది. కథ రాయడం లేదు, వర్ణన చేయడం లేదు. ఎక్కువ భాగం ఒకే రకం వాక్యాలు: ఇది వాడాం, ఇలా అమర్చాం, ఇంత వచ్చింది, కారణం ఇది. ముందు ప్రతి చాప్టర్‌లో చెప్పాల్సింది తెలుగులో, మీరు ఫ్రెండుకు చెప్పినట్టే, పాయింట్లుగా రాసుకోండి. తర్వాత ఒక్కో పాయింటునూ ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం చేయండి. వాక్యం రెండు లైన్లు దాటితే విరగ్గొట్టండి. మీ సబ్జెక్టులో మంచి పేపర్లు రెండు తీసుకుని, రిజల్ట్స్ భాగంలో వాళ్లు ఏ క్రియలు వాడారో పక్కన రాసుకుంటే, అవే పదిహేనో ఇరవయ్యో మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయని మీకే తెలుస్తుంది. నా అనుభవంలో తడబడే ఇంగ్లీషులో ఉన్నా సొంతంగా రాసిన రిపోర్టు వైవాలో నిలబడుతుంది. ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన నునుపైన పేరాను "దీని అర్థం చెప్పమ్మా" అనగానే నోరు పెగలదు.

## రాసేటప్పుడు

ఏ చాప్టర్ ముందు రాయాలి? ఇంట్రడక్షన్ దగ్గరే ఆగిపోయాను.

అందరూ అక్కడే ఆగుతారు. ముందు మీరు చేసిన పని, అంటే మెథడాలజీ లేదా ఇంప్లిమెంటేషన్ రాయండి. అది మీకు బాగా తెలిసింది, చెయ్యి సాగుతుంది. ఆ తర్వాత రిజల్ట్స్, ఆపైన లిటరేచర్ సర్వే, తర్వాత ఇంట్రడక్షన్, కంక్లూజన్. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికంటే ఆఖరున. ప్రింటులో వరస వేరు, రాసే వరస వేరు.

అబ్‌స్ట్రాక్ట్‌లో ఏం రాయాలి? నాది బాలేదంటున్నారు, ఎందుకో చెప్పట్లేదు.

చాలా అబ్‌స్ట్రాక్ట్‌లు ఇలా మొదలవుతాయి: "భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం. రైతు దేశానికి వెన్నెముక. నేటి ఆధునిక యుగంలో సాంకేతిక పరిజ్ఞానం శరవేగంగా అభివృద్ధి చెందుతోంది. ఈ ప్రాజెక్టులో డీప్ లెర్నింగ్ సహాయంతో తెగుళ్లను సమర్థవంతంగా గుర్తించే విధానాన్ని ప్రతిపాదిస్తున్నాం." నాలుగు వాక్యాలు అయిపోయాయి, మీరు ఏం చేశారో ఇంకా తెలియలేదు.

అదే ప్రాజెక్టు, ఊహించిన అంకెలతో, ఇలా రాసి చూద్దాం: "టమాటా ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే మొబైల్ యాప్ తయారుచేశాం. ప్లాంట్‌విలేజ్ అనే ఆకు ఫొటోల డేటాసెట్‌లోని 10 టమాటా తరగతుల ఫొటోలతో మోడల్‌కు శిక్షణ ఇచ్చాం. అదే డేటాసెట్‌లో శిక్షణకు వాడకుండా పక్కన పెట్టిన ఫొటోలపై 96 శాతం సరిగ్గా చెప్పింది. మదనపల్లె దగ్గర పొలాల్లో మేం తీసిన 120 ఫొటోలపై 61 శాతమే సరిగ్గా చెప్పింది. నీడ పడిన ఫొటోల్లో, ఒకే ఆకు మీద రెండు తెగుళ్లున్న ఫొటోల్లో తప్పులు ఎక్కువ. యాప్ ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది."

రెండోదాంట్లో సమస్య ఉంది, చేసిన పని ఉంది, అంకె ఉంది, ఎక్కడ దెబ్బతిందో ఉంది. ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్న మీ పొలం ఫొటోల మీదే అడుగుతారు. మీరు సొంతంగా చేసింది అదే కాబట్టి జవాబు మీ దగ్గర ఉంటుంది.

ఇంట్రడక్షన్‌లో ఎంత వెనక్కి వెళ్లాలి?

మీ సమస్య అర్థం కావడానికి ఎంత కావాలో అంతే. ఇంట్రడక్షన్‌కూ చేసిన పనికీ పొంతన ఉందో లేదో కూడా చూసుకోండి. ఆకు తెగుళ్ల ప్రాజెక్టులు చాలావాటిలో ఇంట్రడక్షన్ నిండా ఆంధ్ర వరి, గుంటూరు మిర్చి ఉంటాయి. వాడింది ప్లాంట్‌విలేజ్ డేటాసెట్. అందులో 14 పంటలున్నాయి, వాటిలో వరీ లేదు, మన ఎండుమిర్చీ లేదు. ఉన్నది బెల్ పెప్పర్, అంటే క్యాప్సికం. "మరి మిర్చి ఫొటోలు ఎక్కడివి?" అని ఎవరైనా అడిగితే రిపోర్టు మొదటి పేజీలోనే దొరికిపోతారు.

లిటరేచర్ సర్వేలో ఎన్ని పేపర్లు పెట్టాలి? అబ్‌స్ట్రాక్ట్‌లు కాపీ చేస్తే చాలా?

చదవని పేపరు పెట్టొద్దు. చదివినవి ఎనిమిదో పదో ఉంటే బీటెక్ స్థాయికి మర్యాదగానే ఉంటుంది. పేపరుకో పేరా చొప్పున "ఫలానావాళ్లు ఫలానాది ప్రతిపాదించారు" అని జాబితా రాస్తే అది సర్వే అనిపించుకోదు. ఒక టేబుల్ గీయండి: ఏ డేటా వాడారు, ఏ పద్ధతి, ఎంత వచ్చింది, ఏం వదిలేశారు. చివరి కాలమ్‌లో ఒకే లోపం మూడుసార్లు కనబడితే మీ ప్రాజెక్టు ఎందుకు చేశారో చెప్పడానికి అదే కారణం. ఆ టేబుల్ కింద మీ మాటల్లో రెండు పేరాలు రాస్తే చాప్టర్ పూర్తయినట్టే.

పైథాన్ గురించి, జావా గురించి పది పేజీలు ఉండాలా? అందరి రిపోర్టుల్లో ఉంది.

అందరి రిపోర్టుల్లో ఉందనే తీసేయమంటున్నాను. గిడో వాన్ రోసమ్ 1991లో పైథాన్ విడుదల చేశాడన్న సంగతి చదవడానికి ఎవరూ మీ రిపోర్టు తెరవరు. ఏ భాష, ఏ వెర్షన్, ఏ లైబ్రరీలు, ఎందుకు అవే అన్నది అర పేజీలో చెప్పొచ్చు. ఎంత కాపీ ఉందో చూపే ప్లేజరిజం రిపోర్టులో ఎరుపు ఎక్కువగా పడేదీ ఈ పేజీల్లోనే, ఎందుకంటే ఏళ్లుగా ఒకే పాఠం బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు నడుస్తోంది. ఫీజిబిలిటీ స్టడీ పేరుతో వచ్చే మూడు రెడీమేడ్ పేరాలదీ ఇదే కథ. డిపార్ట్‌మెంట్ తప్పనిసరి అంటే ఉంచండి, కానీ మీ ప్రాజెక్టుకు నిజంగా ఎంత ఖర్చయిందో రూపాయల్లో రాయండి.

కోడ్ మొత్తం పెట్టాలా?

ముఖ్యమైన భాగం, అంటే మీ ఆలోచన ఉన్న ఇరవై ముప్పై లైన్లు, చాప్టర్‌లో వివరణతో పెట్టండి. మిగతాది అపెండిక్స్‌లోకి. కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి అతికించొద్దు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద రంగు అక్షరాలు జెరాక్స్ షాపు ప్రింటరులో ఒక మచ్చగా వస్తాయి.

"మేము చేశాం" అని రాయొచ్చా, లేక "చేయబడింది" అనే రాయాలా?

ఇంగ్లీషులో రెండూ నడుస్తాయి, గైడు ఏది కోరితే అది. ఒకటి ఎంచుకుని చివరిదాకా దానిమీదే ఉండండి. చేసిన పని భూతకాలంలో రాయండి. ప్రాజెక్టు అయిపోయాక కూడా "ఈ సిస్టమ్ రూపొందించబోతున్నాం" అని ఉందంటే అది మొదటి రివ్యూ పీపీటీ నుంచి ఎత్తిన వాక్యమని తెలిసిపోతుంది.

## రిజల్ట్స్, బొమ్మలు, అంకెలు

రిజల్ట్స్ చాప్టర్ అంటే స్క్రీన్‌షాట్లేగా?

లాగిన్ పేజీ, రిజిస్ట్రేషన్ పేజీ, హోమ్ పేజీ, లాగౌట్ పేజీ పెట్టి "ఇది లాగిన్ పేజీ" అని కింద రాయడం రిజల్ట్ కాదు. యాప్ తెరుచుకుందని మాత్రమే అది చెబుతుంది. రిజల్ట్ అంటే కొలిచినది. ఎంతసేపట్లో జవాబు ఇచ్చింది, ఎంతమంది వాడి చూశారు, ఎన్నిసార్లు విఫలమైంది, పాత పద్ధతితో పోలిస్తే ఏం మారింది? స్క్రీన్‌షాట్లు రెండు మూడు ఉంచండి, ఒక్కోదాని కింద అందులో ఏం గమనించాలో ఒక వాక్యం రాయండి.

మాకు 98 శాతం యాక్యురసీ వచ్చింది. అది రాస్తే చాలదా?

అంత పెద్ద అంకె చూస్తే ఎక్స్‌టర్నల్‌కు ముచ్చట కంటే ముందు అనుమానం వస్తుంది. రెండు విషయాలు తేల్చుకోండి.

మొదటిది, డేటాలో తరగతుల నిష్పత్తి. వెయ్యి నమూనాల్లో లోపమున్నవి 30 మాత్రమే అయితే, కళ్లు మూసుకుని "అన్నీ బాగున్నాయి" అనే మోడల్‌కు కూడా 97 శాతం వస్తుంది. అందుకే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్, అంటే ఏ తరగతిని మోడల్ ఏమని చెప్పిందో చూపే టేబుల్ పెట్టండి. ఆ 30లో మీ మోడల్ ఎన్ని పట్టుకుందో చెప్పండి.

రెండోది, పరీక్ష ఫొటోలు ఎక్కడివి? ప్లాంట్‌విలేజ్ డేటాసెట్ ఇందుకు మంచి పాఠం. 54,306 ఆకు ఫొటోలు, 38 తరగతులు. ఆకును కోసి, సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. 2016లో దీనిపై వచ్చిన ప్రసిద్ధ పేపరులో, అదే డేటాసెట్‌లో పక్కన పెట్టిన ఫొటోలపై మోడల్ 99.35 శాతం సాధించింది. ఇతర చోట్ల నుంచి సేకరించిన ఫొటోలు చూపిస్తే దాదాపు 31 శాతానికి పడిపోయింది. ఆ సంగతి వాళ్లే పేపరులో రాశారు. మన రిపోర్టులు మాత్రం ఆ 99ని ఎత్తిచూపి 31 దగ్గర మౌనం పాటిస్తాయి. మీ ఫోన్‌తో ఊళ్లో యాభై ఫొటోలు తీసి పరీక్షించండి. ఎంత వస్తే అంత రాయండి, ఎందుకు తగ్గిందో ఒక పేజీ చర్చించండి. రిపోర్టు మొత్తంలో మీదంటూ ఉండే పేజీ అదే.

సివిల్ వాళ్లం. క్యూబ్ టెస్ట్ సగటు రాస్తే సరిపోతుందా?

విడివిడి విలువలు తప్పకుండా ఇవ్వండి. ఎం25 కాంక్రీటుకు (చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం ఉండాల్సినది) 28 రోజుల తర్వాత మూడు 150 మిల్లీమీటర్ల క్యూబులు పగలగొట్టారనుకుందాం. చదరపు మిల్లీమీటరుకు 31.2, 30.4, 24.1 న్యూటన్లు వచ్చాయి. సగటు 28.57, అంటే 25 దాటింది కదా అని "పాస్" అని రాసేస్తారు. కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం ఒక్కో క్యూబు విలువ సగటుకు 15 శాతం కంటే ఎక్కువ తేడాగా ఉండకూడదు, ఉంటే ఆ శాంపిల్ ఫలితమే చెల్లదు. ఇక్కడ మూడో క్యూబు 4.47 తక్కువ, అంటే 15.6 శాతం. ఫలితం చెల్లదు. సగటు ఒక్కటే రాసి ఉంటే ఈ సంగతి మీకూ తెలియదు, చదివేవాళ్లకూ తెలియదు. మూడూ రాసి, క్యూరింగ్‌లోనో కాంపాక్షన్‌లోనో ఏం జరిగి ఉండొచ్చో చర్చిస్తే మీకు సబ్జెక్టు వచ్చని తెలుస్తుంది.

సర్వేలో శాతాలు ఇవ్వాలా, సంఖ్యలా?

రెండూ. "60 శాతం మందికి మరుగుదొడ్డి లేదు" అన్నప్పుడు అడిగింది ఐదుగురినా, ఐదొందల మందినా? "50 ఇళ్లలో 30" అని రాసి పక్కన శాతం ఇవ్వండి. ఇళ్లను ఎలా ఎంచుకున్నారో కూడా చెప్పండి: ప్రతి పదో ఇల్లా, తెలిసినవాళ్ల ఇళ్లా, రోడ్డు పక్కవా? ప్రశ్నావళి అపెండిక్స్‌లో పెట్టండి. గుండ్రటి పై (pie) చార్టులో ఏడెనిమిది ముక్కలుంటే బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో ఏది ఏదో తెలియదు, బార్ చార్టు గీయండి.

మా ప్రాజెక్టు సరిగా పనిచేయలేదు. రిపోర్టులో ఏం రాయాలి?

పనిచేయలేదనే రాయండి. ఎక్కడిదాకా పనిచేసింది, ఎక్కడ ఆగింది, కారణమేమిటని అనుకుంటున్నారు, దాన్ని తేల్చడానికి ఏం చేసి చూశారు, అన్నీ వరసగా. అలాంటి రిపోర్టుకు మంచి మార్కులు పడటం చూశాను. అంకెలు పుట్టించి రాసిన రిపోర్టు డెమో దగ్గర కుప్పకూలడమూ చూశాను. పుట్టించిన డేటాకు ఒక లక్షణం ఉంటుంది, మరీ చక్కగా ఉంటుంది. అన్ని రీడింగులూ గీత మీదే పడితే ల్యాబ్‌లో పనిచేసినవాళ్లెవరూ నమ్మరు.

## ప్లేజరిజం, రిఫరెన్సులు, ఏఐ

ప్లేజరిజం పది శాతం లోపు ఉండాలంటున్నారు. అది యూజీసీ రూలేనా?

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లో తెచ్చిన నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉంటే చర్య లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అని మూడు మెట్లుగా శిక్షలున్నాయి. తేలికైనది సవరించి మళ్లీ ఇవ్వమనడం, తీవ్రమైనది రిజిస్ట్రేషన్ రద్దు. అయితే అవి పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకూ డిసర్టేషన్లకూ సంబంధించినవి. అసైన్‌మెంట్లను, ప్రాజెక్టు రిపోర్టులను ఆ నిబంధనల పరిధి నుంచి మినహాయించారు. కాబట్టి బీటెక్ రిపోర్టుకు హద్దు మీ యూనివర్సిటీ లేదా కాలేజీ పెట్టిందే. అది ఎంతో, ఏ సాఫ్ట్‌వేర్‌తో చూస్తారో, రిఫరెన్సులు, కోడ్, సర్టిఫికెట్ పేజీలు తీసేసి చూస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. "ఎవరో అన్నారు" మీద ఆధారపడితే చివరి రోజు ఇబ్బంది పడతారు.

శాతం తగ్గించడానికి పారాఫ్రేజ్ టూల్ వాడొచ్చా?

వాడితే ఏమవుతుందో ఒకసారి చూడండి. మామూలు టెక్నికల్ పదాన్ని కూడా అది పర్యాయపదంతో మార్చేస్తుంది. "న్యూరల్ నెట్‌వర్క్" కాస్తా "నరాల వల" అయినట్టు, అర్థంలేని మాటలు వస్తాయి. శాతం తగ్గుతుంది, చదివినవాళ్లు మాత్రం నవ్వుతారు. మూలం చదివి, పక్కన పెట్టి, చూడకుండా మీ మాటల్లో రాసి, ఆపై రిఫరెన్సు నంబరు వేయండి. మాటలు మార్చినా ఆలోచన వాళ్లదే కాబట్టి నంబరు తప్పదు.

చాట్‌జీపీటీతో రాయించుకుంటే దొరికిపోతామా?

డిటెక్టర్లను నేను పెద్దగా నమ్మను, సొంతంగా రాసినదాన్ని కూడా ఏఐ అని చూపిస్తాయి. దొరికేది వేరే చోట. మీరు వాడని డేటాసెట్ గురించి పేరా ఉంటుంది. లేని పేపర్లకు రిఫరెన్సులు ఉంటాయి: రచయితల పేర్లు నిజంగానే ఉన్నట్టుంటాయి, జర్నల్ నిజమే, ఆ పేపరు మాత్రం ఎక్కడా ఉండదు. ప్రతి రిఫరెన్సు డీఓఐనీ (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) బ్రౌజర్‌లో తెరిచి, అదే టైటిల్ వస్తోందో లేదో చూడండి. వ్యాకరణం సరిచూసుకోవడానికి, అర్థంకాని పేపరును వివరించమనడానికి వాడుకోవచ్చు, మీ కాలేజీ ఒప్పుకుంటే. కొన్ని డిపార్ట్‌మెంట్లు దేనికి వాడారో డిక్లరేషన్‌లో చెప్పమంటున్నాయి, అడిగితే దాచకండి.

ఐఈఈఈ స్టైల్ రిఫరెన్సులు అంటే ఏమిటి? గూగుల్ స్కాలర్ నుంచి కాపీ చేస్తే తప్పంటున్నారు.

ఐఈఈఈలో పాఠం మధ్య చదరపు బ్రాకెట్‌లో నంబరు వస్తుంది. మొదట ప్రస్తావించినది 1, తర్వాతది 2. చివర జాబితా కూడా అదే వరసలో, అక్షరక్రమంలో కాదు. రచయిత ఇనిషియల్ ముందు, ఇంటిపేరు తర్వాత. గూగుల్ స్కాలర్‌లో "సైట్" నొక్కితే ఎంఎల్ఏ, ఏపీఏ, షికాగో, హార్వర్డ్, వాంకూవర్ పద్ధతులు వస్తాయి, ఐఈఈఈ రాదు. అందుకే అక్కడినుంచి అతికించినవి తేడాగా కనిపిస్తాయి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే స్టైల్ ఎంచుకోగానే అదే అమరుస్తుంది. వెబ్‌సైట్ ఇచ్చినప్పుడు ఏ తేదీన చూశారో రాయండి. జాబితాలో ఉన్న ప్రతి నంబరూ పాఠంలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

## వర్డ్‌తో కుస్తీ

ముందు పేజీలకు రోమన్ నంబర్లు, చాప్టర్ 1 నుంచి 1, 2, 3 ఎలా ఇవ్వాలి?

చాప్టర్ 1కి ముందు కర్సర్ పెట్టి లేఅవుట్ ట్యాబ్‌లో బ్రేక్స్‌కు వెళ్లి, సెక్షన్ బ్రేకుల కింద ఉన్న నెక్స్ట్ పేజ్ ఎంచుకోండి. మామూలు పేజ్ బ్రేక్ పనికిరాదు. చాప్టర్ 1 ఫుటర్ మీద రెండుసార్లు క్లిక్ చేసి "లింక్ టు ప్రీవియస్" ఆపేయండి. అందరూ మరిచిపోయేది ఈ మెట్టే. తర్వాత ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో స్టార్ట్ ఎట్ 1 ఇవ్వండి. మొదటి సెక్షన్‌కు వెళ్లి చిన్న రోమన్ అంకెలు ఎంచుకోండి.

విషయసూచికలో పేజీ నంబర్లు ఎప్పుడూ తప్పొస్తున్నాయి.

చేత్తో టైప్ చేసినంత కాలం వస్తూనే ఉంటాయి. చాప్టర్ పేర్లకు హెడింగ్ 1, ఉపశీర్షికలకు హెడింగ్ 2 స్టైల్ ఇచ్చి, రిఫరెన్సెస్ ట్యాబ్ నుంచి టేబుల్ ఆఫ్ కంటెంట్స్ పెట్టండి. ప్రింటుకు ముందు దానిమీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ ఫీల్డ్, అందులో ఎంటైర్ టేబుల్.

ఫాంటు, మార్జిన్లు ఎంత?

మామూలుగా టైమ్స్ న్యూ రోమన్ 12, లైన్ల మధ్య 1.5. ఎడమ మార్జిన్ 1.5 అంగుళాలు, బైండింగ్ అక్షరాలను మింగేయకుండా. బొమ్మ పేరు బొమ్మ కింద, టేబుల్ పేరు టేబుల్ పైన.

## ఇంటర్న్‌షిప్, కమ్యూనిటీ సర్వీస్ రిపోర్టులు

ఇంటర్న్‌షిప్‌లో మాకు పెద్దగా పనే ఇవ్వలేదు. ఏం రాయాలి?

చూసింది రాయండి. ఒక ఆర్డరు వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా ఎన్ని చేతులు మారింది, ఒక బగ్ రిపోర్టు ఎవరి దగ్గరికి వెళ్లి ఎలా మూసుకుంది, ఏ ఫారం ఎవరు నింపుతారు, ఏదో ఒక ప్రక్రియను మొదటి నుంచి చివరిదాకా గమనించి వివరంగా రాస్తే అది గట్టి రిపోర్టే. కంపెనీ చరిత్ర, విజన్, మిషన్ ఒక పేజీకి మించొద్దు, అవి వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్నాయి. కస్టమర్ల పేర్లు, లోపలి అంకెలు రాసేముందు మీ మెంటర్‌ను అడగండి.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టు అందరిదీ ఒకేలా వస్తోంది. ఎలా మార్చాలి?

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులు కనీసం 180 గంటలు పెట్టాల్సిన ప్రాజెక్టు ఇది. రిపోర్టులో మాత్రం "గ్రామ ప్రజలు చైతన్యవంతులయ్యారు" దగ్గర తేలిపోతుంది. ఏ ఊరు, ఏ వీధి, ఎన్ని ఇళ్లు, వాళ్లు చెప్పిన మొదటి సమస్య ఏమిటి అన్నవి ఉంటే అది ఇంకో ఊరి రిపోర్టులా ఉండే అవకాశమే లేదు. బోరు దగ్గర పొద్దున ఆరింటికి ఎన్ని బిందెలు వరసలో ఉన్నాయో లెక్కపెట్టి రాసిన ఒక్క వాక్యం, నీటి ప్రాముఖ్యం మీద రెండు పేజీల వ్యాసాన్ని మించుతుంది. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే నింపండి. చివర్లో ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే ఊపులో నింపింది చూడగానే తెలుస్తుంది. సిఫార్సులు రాసేటప్పుడు ఎవరు చేయగలరో చెప్పండి: పంచాయతీనా, గ్రామ సచివాలయమా, స్వయం సహాయక సంఘమా?

## సబ్మిషన్, వైవా

నలుగురం ఉన్నాం, రాసేది నేనొక్కడినే. ఏం చేయాలి?

చాప్టర్లు పంచుకోండి, కానీ చివర ఒక్కరే కూర్చుని మొత్తం సరిచేయాలి. లేకపోతే ఒక చాప్టర్‌లో "యూజర్", ఇంకోదాంట్లో "కస్టమర్", మూడోదాంట్లో "క్లయింట్" ఒకే మనిషికి మూడు పేర్లవుతాయి. ఎవరు ఏం చేశారో ఒక చిన్న టేబుల్ పెట్టమని గైడును అడగండి. అలా అడిగితే గైడుకు విషయం అర్థమవుతుంది, మీరు ఫిర్యాదు చేయనక్కర్లేదు.

గైడు మా డ్రాఫ్టు చూడట్లేదు. ఎలా అడగాలి?

ఎనభై పేజీలు ఒకేసారి పంపి "చూడండి సార్" అంటే ఎవరైనా తర్వాత చూద్దామనుకుంటారు. ఒక చాప్టర్ ప్రింటు తీసి, సందేహమున్న రెండు చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టి, "మేడమ్, ఈ రెండూ ఒకసారి చూస్తారా, సాయంత్రం వచ్చి తీసుకుంటాను" అనండి. పని జరుగుతుంది. సంతకాల కోసం చివరి రోజు పరిగెత్తే బదులు, హెచ్‌ఓడీ, ప్రిన్సిపాల్ ఊళ్లో ఉంటారో లేదో వారం ముందే కనుక్కోండి.

హార్డ్ బైండింగ్‌కు ముందు ఏం చూసుకోవాలి?

జెరాక్స్ షాపుకు వర్డ్ ఫైలు ఇవ్వొద్దు, పీడీఎఫ్ ఇవ్వండి. వాళ్ల సిస్టమ్‌లో ఫాంటు లేకపోతే పేజీలన్నీ జరిగిపోతాయి. ముందు ఒక్క కాపీ తీసి, పేజీలు ఒక్కొక్కటి తిప్పి చూసి, తర్వాతే మిగతా కాపీలు. టైటిల్, పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, అకడమిక్ ఇయర్ కవరు మీదా, సర్టిఫికెట్‌లోనూ, డిక్లరేషన్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. అట్ట రంగు బ్రాంచిని బట్టి మారే కాలేజీలున్నాయి, ఆఫీసులో అడగండి.

వైవాకు రిపోర్టులో ఏం చదువుకుని వెళ్లాలి?

అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి అంకె ఎలా వచ్చిందో. రిఫరెన్సుల్లో కనీసం మూడు పేపర్లు ఏం చెప్పాయో. ప్రతి గ్రాఫులో అడ్డగీత ఏమిటి, నిలువుగీత ఏమిటి, యూనిట్ ఏమిటో. మీ రిపోర్టులో తప్పు ఉందని బైండింగ్ తర్వాత తెలిస్తే, సరిచేసిన పేజీ ప్రింటు తీసుకెళ్లి ఆయన అడగకముందే చూపించండి. కాపీ మీ చేతిలో కూడా ఒకటి ఉంచుకోండి. "ముప్పై ఆరో పేజీ తియ్యండి" అనగానే ఎక్స్‌టర్నల్ చేతిలోని పుస్తకంలోకి నలుగురూ తొంగిచూడాల్సిన పని ఉండదు.